బాబీ జోన్సు: చిన్న దెబ్బలో పెద్ద చదువు

గోల్ఫు మైదానానికి వచ్చిన వారందరి చూపులను ఆకర్షించేది దూరపు దెబ్బ. ఆటగాడు నడుము తిప్పి, కర్రను భుజంమీదుగా విసరగానే బంతి 200 గజాలకు పైగా ఎగిరిపోతుంది. చూచేవారు ఆశ్చర్యపడతారు. కాని జయాపజయాలు తరచుగా తేలేది బంతి గుంటను సమీపించిన తరువాతనే. 250 గజాలు పోయిన దెబ్బనూ, 3 అంగుళాలు దొర్లిన దెబ్బనూ ఈ ఆటలో సరిసమానంగా ఒక్కటిగానే లెక్కిస్తారు. ఈ సత్యాన్ని మాటగా విన్నవారు అనేకులు. దాన్ని ఓటమిలో గుర్తించి, గురువు వద్ద దిద్దుకొని, కడకు లోకానికి బోధించిన మహాక్రీడాకారుడు అమెరికా దేశీయుడైన బాబీ జోన్సు.

మనలో చాలామందికి ఈ ఆటతో పరిచయం తక్కువ. మన దేశంలో కలకత్తా నగరాన గోల్ఫు సంఘం 1829లోనే వెలసినా, ఆట మాత్రం పల్లెలకూ పాఠశాలలకూ రాలేదు. కనుక దాని పద్ధతిని రెండు మాటలలో చెప్పుకోవడం అవసరం. మైదానంలో 18 గుంటలు ఉంటాయి. ఒక్కొక్క గుంట వ్యాసం 4.25 అంగుళాలు. బయలుదేరిన చోటినుండి బంతిని ఆ గుంటలలో వరుసగా పడవేయడానికి ఎవరికి తక్కువ దెబ్బలు పడితే వారు గెలిచినట్లు. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక నేలను గ్రీను అంటారు. గ్రీనుమీద బంతిని నేలబారుగా దొర్లించడానికి ఉపయోగించే కర్ర పేరు పటరు. గ్రీను అంచునుండి బంతిని కొంచెం ఎగురవేసి, మిగిలిన దూరం దొర్లనిచ్చే దెబ్బ చిప్ షాట్. మరికొంత దూరంనుండి ఎత్తుగా లేపి మెత్తగా దింపేది పిచ్ షాట్. ఈ దగ్గరి దెబ్బలన్నీ కలిసి ఆటలో ఒక ప్రత్యేకమైన విద్య. మంచి ఆటగాడు 72 దెబ్బలలో ముగించవలసిన మైదానంలో, గుంటకు రెండు చొప్పున 36 దెబ్బలు పటరుకే కేటాయించి ఉంటాయి. గోలీలాట ఆడిన ప్రతి బాలునికీ ఇందలి చిక్కు తెలుసు: దూరంనుండి గోలీని కొట్టడంకన్న, దగ్గరికి వచ్చిన గోలీని గుంటలో వేయడంలోనే చేయి వణకుతుంది.

రాబర్ట్ టైర్ జోన్స్ జూనియర్ 1902 మార్చి 17వ తేదీన జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నగరంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. బిడ్డ మిక్కిలి బలహీనుడు. ఐదేండ్ల ప్రాయం వచ్చేవరకు గట్టి ఆహారం అతనికి సరిపడలేదు. ఆరోగ్యం కుదుటపడుతుందనే ఆశతో తలిదండ్రులు వేసవికాలాలలో నగరం విడిచి ఈస్ట్ లేక్ అనే చోట కాపురం పెట్టారు. అక్కడ ఒక గోల్ఫు మైదానం ఉన్నది. గాలి మార్పుకోసం వచ్చిన బిడ్డకు ఆ మైదానమే బడి అయింది.

ఆ రోజులలో ఈస్ట్ లేక్ సంఘానికి శిక్షకుడుగా స్టూవర్ట్ మెయిడెన్ అనే స్కాట్లండు యువకుడు వచ్చాడు. సముద్రతీరాన గోల్ఫుకు పేరుపడిన కార్నూస్టీ అతని స్వగ్రామం. మెయిడెన్ మితభాషి. మైదానంలో అతడు ముందు నడుస్తుంటే, ఆరేండ్ల బాబీ మాట్లాడకుండా అతని వెనుక నడిచేవాడు. నాలుగైదు గుంటల ఆట చూచి ఇంటికి పరుగెత్తి వచ్చి, తాను చూచినదాన్ని తిరిగి చేసేవాడు. నిలుచునే తీరు, కర్ర ఎత్తే తీరు, విసరిన తరువాత శరీరం నిలిచే తీరు అన్నీ గురువు పోలికలే. ఏకలవ్యుడు మట్టిబొమ్మ ఎదుట విద్య నేర్చినట్లు, ఈ బాలుడు మాట పలకని మనిషి వెనుక విద్య నేర్చాడు. తరువాతి కాలంలో మెయిడెన్ అతనికి పాఠాలు చెప్పిన సందర్భాలు ఉన్నవి. అవికూడ పొడి మాటలే. పక్కన నిలిచి చూచి, కాలో భుజమో కొంచెం జరిపించి, ఇక కొట్టమని చెప్పి వెళ్ళిపోవడమే ఆయన పద్ధతి.

జోన్సుల ఇల్లు 13వ గుంట గ్రీనుకు చేరువలో ఉండేది. సాయంకాలం ఆటగాళ్ళు వెళ్ళిపోయిన తరువాత, బాలుడు టోపీ నిండా పాత బంతులు పోసుకొని అక్కడికి చేరేవాడు. చీకటిపడేవరకు వాటిని గ్రీనుమీదికి ఎగురవేయడం, తిరిగి ఏరుకొని గుంటలోకి దొర్లించడం అతనికి నిత్యకృత్యం. దగ్గరి దెబ్బలలో అతని తొలి చదువు ఇది.

అదే మైదానంలో మెయిడెన్ వద్ద పెరిగిన మరొక శిష్యురాలు అలెక్సా స్టిర్లింగు. 1908లో పిల్లలకు ఆరు గుంటల చిన్న పోటీ ఒకటి జరిగింది. గెలిచింది అలెక్సా, మూడంగుళాల వెండి కప్పు మాత్రం పెద్దలు బాబీకి ఇచ్చారు. ఆ కప్పు తనది కాదని తనకు తెలుసునని జోన్సు పెద్దవాడైన తరువాత కూడ ఒప్పుకొనేవాడు. అలెక్సా తరువాత 1916, 1919, 1920 సంవత్సరాలలో అమెరికా మహిళా ఔత్సాహిక పోటీలో విజేత అయి గురువుకు కీర్తి తెచ్చింది.

1913లో ఇంగ్లండు దిగ్గజాలైన హ్యారీ వార్డన్, టెడ్ రే ఈస్ట్ లేకులో ప్రదర్శనగా ఆడారు. పదకొండేండ్ల బాబీ వారిని వెన్నంటి తిరిగాడు. దారిలో రే బంతి ఒక పెద్ద చెట్టుకు దగ్గరగా ఆగిపోయింది. అతడు వాలు ఎక్కువగా ఉన్న ఇనుప కర్ర తీసి ఒక్క వ్రేటుతో బంతిని నిట్టనిలువుగా లేపి చెట్టుమీదుగా దాటించాడు. బాలుడు నోరు తెరచి చూచాడు. కాని అతని మనస్సులో మరింత లోతుగా నాటుకున్నది వార్డన్ ఆట. వార్డన్ అద్భుతాలేమీ చేయలేదు. ప్రతి గుంటనూ ఎన్ని దెబ్బలలో ముగించాలో అన్నిటిలోనే ముగిస్తూ పోయాడు. ఆట ఎదుటి మనిషితో కాదనీ, ఆ నియతమైన లెక్కతోననీ బాబీకి అర్థమైంది. అర్థం కావడం ఒకటి. ఆచరణలో పెట్టడం మరొకటి. రెండింటికీ నడుమ పది సంవత్సరాలు గడిచినవి.

1916లో పదునాలుగేండ్ల జోన్సు జార్జియా రాష్ట్ర పోటీ గెలిచి, ఫిలడెల్ఫియా దగ్గర మెరియన్ మైదానంలో జరిగిన జాతీయ ఔత్సాహిక పోటీకి వెళ్ళాడు. ఔత్సాహికుడంటే డబ్బుకోసం కాక ప్రీతికోసం ఆడేవాడని అర్థం. జోన్సు పోటీలాడినన్నాళ్ళూ ఔత్సాహికుడుగానే ఉన్నాడు. మెరియన్‌లో అతని దూరపు దెబ్బలకు జనం విస్తుపోయారు. అతని కోపాన్ని చూచికూడ విస్తుపోయారు. 1906లో జాతీయ విజేత అయిన ఎబెన్ బయర్సుతో ఆడినప్పుడు, దెబ్బ తప్పినప్పుడల్లా ఇద్దరూ కర్రలు విసరివేశారు. బయర్సు కర్రలు ముందుగా అయిపోయినందువల్లనే తాను గెలిచానని జోన్సు తరువాత నవ్వుతూ చెప్పుకొన్నాడు. ఈ పోటీలో అతడు చివరి ఎనిమిదిమందిలో ఒకడుగా నిలిచి, అక్కడ ఓడిపోయాడు.

ఆనాటి ప్రేక్షకులలో వాల్టర్ ట్రావిస్ అనే వృద్ధ క్రీడాకారుడు ఉన్నాడు. కుర్రవాని దెబ్బలలో దిద్దవలసింది లేదనీ, పటరు పట్టే పద్ధతిలో మాత్రం దోషం ఉన్నదనీ ఆయన అభిప్రాయం వెల్లడించాడు. అందరూ దూరపు దెబ్బలను పొగడుతున్నప్పుడు, దగ్గరి దెబ్బలోని లోపాన్ని పట్టుకున్నవాడు ఆయన. ఆ మాట ఫలించడానికి ఎనిమిది సంవత్సరాలు పట్టింది.

ఆ కాలంలో సగభాగానికి పైగా జోన్సు ఓటములతోనే గడిపాడు. ప్రతిభ ఎవరికీ తీసిపోనిది, ఫలితం శూన్యం. మిత్రుడు, పత్రికా రచయిత ఓ.బి. కీలర్ ఊరూరా అతని వెంట తిరిగి, గెలుపు వార్త వ్రాసే అవకాశంకోసం ఎదురుచూచాడు. జోన్సు దూరంనుండి బంతిని గ్రీను దగ్గరికి చేర్చేవాడు. అక్కడ రెండడుగుల దెబ్బ ఒకటి తప్పేది. మనస్సు మండేది. ఆ మంట తరువాతి దెబ్బను కూడ కాల్చివేసేది. పటరు పట్టే తీరును ఇవాళ ఒక విధంగా, రేపు ఒక విధంగా మార్చుకునేవాడు. ఒక దినం బంతులు గుంటలోకి వాటంతట అవే దొర్లిపడేవి. మరునాడు అదే చేయి తనది కానట్లు ఉండేది.

1921లో స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ మైదానంలో బ్రిటిషు ఓపెన్ పోటీ జరిగింది. గోల్ఫుకు పుట్టినిల్లుగా పేరొందిన స్థలం అది. మూడవ ఆవృత్తిలో జోన్సుకు మొదటి తొమ్మిది గుంటలకే 46 దెబ్బలు పట్టినవి. 11వ గుంట దగ్గర బంతి లోతైన ఇసుక గోతిలో పడింది. ఆ గోతితో పెనగులాడి విసిగిపోయి, పందొమ్మిదేండ్ల యువకుడు లెక్క విడిచి పోటీనుండి తప్పుకొన్నాడు. ఓడిపోవడానికి సిగ్గుపడనక్కరలేదు, ఆటను మధ్యలో విడవడం ఆ ఊరివారి దృష్టిలో క్షమింపరానిది. అదే సంవత్సరం స్వదేశంలో, ఆగ్రహంతో అతడు విసరిన కర్ర ఒక ప్రేక్షకురాలి కాలికి తగిలింది. ఇటువంటి ప్రవర్తన మానకపోతే పోటీలలో స్థానం ఉండదని అమెరికా గోల్ఫు సంఘం హెచ్చరించింది. జోన్సు ఆ హెచ్చరికను తలదాల్చాడు. కర్రను జయించడంకంటే ముందు తన్ను తాను జయించవలెనని అతనికి తెలిసివచ్చింది.

1923లో న్యూయార్కు దగ్గర ఇన్‌వుడ్ మైదానంలో జరిగిన అమెరికా ఓపెన్ పోటీలో ఆయన మొట్టమొదటి ఘనవిజయం సాధించాడు. ఇద్దరికి సమానమైన లెక్క వచ్చినందున బాబీ క్రుక్‌షాంకుతో మరునాడు మళ్ళీ ఆడి గెలిచాడు. ఈ పోటీకి మునుపే ఆయన చేతికి ఒక పాత పటరు వచ్చింది. దాన్ని ఇచ్చినవాడు స్టూవర్ట్ అన్న, జిమ్మీ మెయిడెన్. ఆ కర్రకు కాలమిటీ జేన్ అని పేరు. చరిత్రలో అంతటి ప్రఖ్యాతి పొందిన గోల్ఫు కర్ర మరొకటి లేదు. కాని మంచి కలం దొరికినంతమాత్రాన దస్తూరి కుదరదు. కర్ర వచ్చింది, పద్ధతి ఇంకా రావలసి ఉన్నది.

ఆ పద్ధతిని ఇచ్చినవాడు ట్రావిస్. ఆయన కథకూడ తెలుసుకోదగినది. 1862లో ఆస్ట్రేలియాలో పుట్టి అమెరికా చేరిన ట్రావిస్, సుమారు ముప్పదియైదేండ్ల వయస్సు వచ్చేవరకు గోల్ఫు కర్ర ముట్టలేదు. అందువల్ల ఆయన బంతి దూరం పోయేది కాదు. పోయినంత దూరం సూటిగా పోయేది. తన కొరతను ఆయన గ్రీనుమీద తీర్చుకొన్నాడు. 1900, 1901, 1903 సంవత్సరాలలో అమెరికా ఔత్సాహిక పోటీని, 1904లో బ్రిటిషు ఔత్సాహిక పోటీని గెలిచాడు. సముద్రం దాటి వచ్చిన పరదేశి ఒకడు ఆ బ్రిటిషు కప్పు గెలవడం అదే మొదలు. బలంలేని శరీరంతో, ఆలస్యంగా మొదలుపెట్టిన విద్యతో ఆయన సాధించినదంతా చిన్న దెబ్బల చలవ.

1924లో అగస్టా పట్టణంలో ఈ ఇద్దరూ కలుసుకొన్నారు. గురువుకు అరువదిరెండేండ్లు, శిష్యునికి ఇరువదిరెండు. శిష్యుడు అప్పటికే జాతీయ ఓపెన్ విజేత. దూరపు దెబ్బలో గురువును ఎన్నో గజాలు మించినవాడు. అటువంటివాడు మొదటి తరగతి బాలునివలె నిలబడి, పటరు ఎలా పట్టాలో చెప్పించుకొన్నాడు.

ట్రావిస్ చెప్పిన పాఠం నాలుగు అంగాలుగా ఉన్నది. మొదటిది నిలకడ. కాళ్ళు ఎడంగా పెట్టి నిలుచునే అలవాటు మాని, మడమలు దాదాపు ఒకదానికొకటి తగిలేటంత దగ్గరగా పెట్టుకోవాలి. అప్పుడు శరీరం అటూ ఇటూ ఊగడానికి వీలుండదు. రెండవది పట్టు. ఎడమచేతి చూపుడువ్రేలు కుడిచేతి వ్రేళ్ళమీదుగా వచ్చి ఆనుకోవాలి. దీనివల్ల రెండు చేతులు ఒకే చేయిగా పనిచేస్తాయి. ఏ ఒక్కటీ రెండవదాన్ని తోసివేయదు. మూడవది కదలిక. కర్రను ఎడమచేయి నడిపింపగా నేలను ఆనుకొన్నట్లుగా వెనుకకు తీసుకొనిపోవాలి. రెండు మణికట్లు ఒకదాని కొకటి ఎదురుగా ఆడుతూ, ఒకే కీలుమీద తిరిగే తలుపును పోలి ఉండాలి. బెదురుతో తీసిన పొట్టి దెబ్బకు బదులు, ఆగకుండ సాగే పొడుగు దెబ్బ కావాలి. నాలుగవది గురి. బంతి వెనుక భాగాన ఒక చిన్న మేకు గుచ్చి ఉన్నదని భావించి, దాన్ని సూటిగా లోపలికి దిగగొట్టాలి. ఈ ఊహ చేసుకొన్నవాని దృష్టి గుంటమీదికీ, జనంమీదికీ, ఓటమి భయంమీదికీ పోదు. ఉన్న ఒక్క పనిమీదనే నిలుస్తుంది.

ఈ పాఠంలో రహస్యమేదీ లేదు. ఇందులో ప్రతి మాటా మనస్సును శరీరంద్వారా కట్టివేసే ఉపాయం. కోపిష్టికి కోపం మానుకోమని చెప్పినవారు జోన్సు జీవితంలో ఎందరో ఉన్నారు. ట్రావిస్ ఆ మాట చెప్పలేదు. మడమలు కలిపి నిలుచోమన్నాడు. చేతికి ఒక నియమం దొరికిన తరువాత మనస్సుకూడ ఆ నియమానికి క్రమంగా లోబడింది. ఉపాధ్యాయులు గమనింపదగిన విషయమిది.

గ్రీనుమీద బంతి వేగాన్ని గురించి మొదటి గురువు మెయిడెన్ చెప్పిన మాటనుకూడ జోన్సు జీవితాంతం మరువలేదు. గుంట అంచు చేరేసరికి ప్రాణం పోయే బంతికి నాలుగు వాకిళ్ళు ఉంటాయని మెయిడెన్ బోధ. ముందునుండి పడవచ్చు, పక్కలనుండి జారవచ్చు, వెనుకకు చుట్టి వచ్చికూడ పడవచ్చు. వేగంగా వచ్చిన బంతికి మాత్రం ఎదుటి వాకిలి ఒక్కటే. అదికూడ నడిమధ్యన తగిలితేనే. ఈ విధంగా ఒక గురువు బంతి ఎంత వేగంతో చేరాలో చెప్పగా, మరొక గురువు ఏ దారిని పంపాలో చెప్పాడు.

ఆ 1924 సంవత్సరంలోనే మెరియన్‌లో జోన్సు తన మొదటి జాతీయ ఔత్సాహిక పోటీ గెలిచాడు. ఎనిమిదేండ్ల క్రిందట కర్రలు విసరిన మైదానం అదే.

మారినది చేతి పట్టు ఒక్కటే కాదని మరుసటి సంవత్సరం రుజువైంది. 1925లో వూస్టర్ పట్టణంలో జరిగిన అమెరికా ఓపెన్ పోటీ తొలి ఆవృత్తిలో, 11వ గుంట గ్రీనుకు దగ్గర గట్టుమీది గడ్డిలో ఆయన బంతి ఆగింది. చిన్న పిచ్ షాట్ కొట్టడానికి కర్ర ఆనించగానే గడ్డి కదలి బంతి ఇసుమంత చలించింది. చూచినవారు ఒక్కరూ లేరు. జోన్సు తనంతట తానే ఒక దెబ్బ శిక్షగా వేసుకొన్నాడు. అధికారులు వద్దన్నా వినలేదు. పోటీ చివర విల్లీ మాక్‌ఫర్లేనుతో సమానంగా నిలిచి, మరునాటి తొలి ఆటలోకూడ సమానుడై, రెండవ ఆటలో ఒకే ఒక్క దెబ్బతో ఓడిపోయాడు. తాను వేసుకొన్న ఆ శిక్షే లేకుంటే పోటీ అంతకు ముందే ఆయనది. జనం ప్రశంసించినప్పుడు, దొంగతనం చేయనందుకు మనిషిని మెచ్చుకోవడమేమిటని ఆయన నొచ్చుకొన్నాడు. నాలుగు సంవత్సరాల క్రిందట లెక్క విడిచి వెళ్ళినవాడూ, ఈ లెక్కను తానే పెంచుకొన్నవాడూ ఒక్కడే.

1926లో ఆయన బ్రిటిషు, అమెరికా ఓపెన్ పోటీలు రెండూ గెలిచాడు. 1927లో సెంట్ ఆండ్రూస్‌లోనే బ్రిటిషు ఓపెన్ మళ్ళీ గెలిచి, కప్పును ఇంటికి తీసుకొనిపోక ఆ ఊరివారి వద్దనే ఉంచాడు. 1921 నాటి అపరాధానికి అంతకంటె చక్కని ప్రాయశ్చిత్తం లేదు. 1929లో వింగ్డ్ ఫుట్ మైదానంలో అమెరికా ఓపెన్ చివరినాడు రెండు గుంటలవద్ద ఏడేసి దెబ్బలు తిని, గెలిచిన పోటీని చేజార్చుకొనే స్థితికి వచ్చాడు. ఆఖరి గ్రీనుమీద 12 అడుగుల దూరం మిగిలింది. నేల వాలు, దారి వంకర. ఆ బంతి పడితే సమానం, పడకపోతే ఓటమి. కాలమిటీ జేన్ కదలింది. బంతి మెల్లగా దొర్లి, అంచుదగ్గర క్షణకాలం ఆగినట్లై లోపల పడింది. మరునాడు ఆల్ ఎస్పినోసాను ఆయన 36 గుంటల ఆటలో 23 దెబ్బల తేడాతో ఓడించాడు.

1930వ సంవత్సరం ఆయన జీవితానికి శిఖరం. ఆ ఒక్క యేటిలోనే బ్రిటిషు ఔత్సాహిక, బ్రిటిషు ఓపెన్, అమెరికా ఓపెన్, అమెరికా ఔత్సాహిక పోటీలు నాలుగూ గెలిచాడు. ఒకే సంవత్సరంలో ఆ నాలుగింటినీ గెలిచినవాడు ఆయనకు పూర్వం లేడు, తరువాత లేడు. ఆ విజయాలలోకూడ దగ్గరి దెబ్బలు ఆయనను పరీక్షించక మానలేదు. హోయ్‌లేకులో బ్రిటిషు ఓపెన్ చివరి ఆవృత్తిలో 8వ గుంట దగ్గర రెండు దెబ్బలకే ఆయన గ్రీను పక్కకు చేరాడు. అక్కడనుండి ఐదు దెబ్బలు పట్టినవి. చిప్ షాట్ పొట్టిదైంది. రెండవ చిప్ తరువాత పటరు మూడుసార్లు పట్టవలసివచ్చింది. పూర్వపు జోన్సు అయితే పోటీ అక్కడనే ముగిసేది. ఇప్పటి జోన్సు తరువాతి గుంటకు నడిచాడు. 16వ గుంట దగ్గర బంతి గ్రీను పక్కనున్న ఇసుక గోతిలో, వెనుక గట్టుకు ఆనుకొని ఆగింది. యువ ఆటగాడు హోర్టన్ స్మిత్ ఆ యేడాది మొదట ఇచ్చిన బరువైన పుటాకార ఇనుప కర్రను తీసి, ఒక కాలు గట్టుపై ఉంచి, నిటారుగా దించిన దెబ్బతో బంతిని లేపాడు. అది గ్రీనుపై దొర్లి గుంటకు కొద్ది అంగుళాలలో ఆగింది. పోటీ రెండు దెబ్బల తేడాతో గెలిచాడు. అటువంటి పుటాకార కర్రలను 1931లో నిషేధించారు. ఆనాటికి అవి నియమసమ్మతమే.

తరువాత ఇంటర్‌లాకెన్ మైదానంలో అమెరికా ఓపెన్ చివరి గ్రీనుమీద 40 అడుగులనుండి దొర్లించిన బంతి గుంటలో పడింది. సెప్టెంబరు 27వ తేదీన మెరియన్‌లో నాలుగవ విజయం పూర్తి అయింది. 1923 మొదలు ఎనిమిదేండ్లలో ఆయన పాల్గొన్న 21 మహాపోటీలలో 13 గెలిచాడు. ఆ నవంబరులో, ఇరువదియెనిమిదేండ్ల వయస్సులో, పోటీలనుండి విరమించుకొన్నాడు. ఈలోగా ఆయన యంత్రశాస్త్రంలో, ఆంగ్లసాహిత్యంలో పట్టాలు పుచ్చుకొని, న్యాయశాస్త్రం చదివి, న్యాయవాదిగా కూడ స్థిరపడ్డాడు.

విరమించిన వెంటనే ఆయన ఉపాధ్యాయుడయ్యాడు. 1931లో వార్నర్ సంస్థ ఆయన చేత గోల్ఫు పాఠాలను 12 చిన్న చలనచిత్రాలుగా తీయించింది. వాటి వరుస గమనింపదగినది. మొదటి చిత్రం పటరును గురించి. రెండవది చిప్ షాట్లను గురించి. తరువాత కొంచెం కొంచెంగా దూరం పెరిగి, అందరూ మొదట నేర్వదలచే పెద్ద కర్ర తొమ్మిదవ చిత్రంలోకాని రాలేదు. గుంటనుండి వెనుకకు బోధించడమన్నమాట. అక్షరాలు దిద్దించిన పిమ్మటనే కావ్యం చేతికిచ్చే మన పంతుళ్ళ పద్ధతికి ఇది దగ్గరగా ఉన్నది. తన బాల్యపు క్రమంలో దూరపు దెబ్బ ముందు వచ్చి, పటరు వెనుకబడింది. ఆ ఆలస్యానికి చెల్లించిన మూల్యం తెలిసినవాడు కనుక, ఇతరులకు ఆ క్రమాన్ని తిరుగవేసి చెప్పాడు.

తరువాత అలిస్టర్ మెకంజీ అనే శిల్పితో కలిసి అగస్టాలో గోల్ఫు మైదానం ఒకటి నిర్మించాడు. ట్రావిస్ పాఠం చెప్పిన పట్టణమే అది. అక్కడ 1934లో ఆరంభమైన పోటీ మాస్టర్స్ పేరుతో నేటికీ ప్రపంచప్రసిద్ధం. తొలియేడు దాన్ని గెలిచినవాడు హోర్టన్ స్మిత్. మూల పటరు కాలమిటీ జేన్ ఆ సంఘం వద్దనే భద్రంగా ఉన్నది.

1948లో జోన్సు చివరిసారిగా గోల్ఫు ఆడాడు. వెన్నుపాములో బోలు ఏర్పడి, నరాలను క్రమంగా నశింపజేసే సిరింగోమైలియా అనే వ్యాధి ఆయనను పట్టుకొన్నది. రెండు శస్త్రచికిత్సలు జరిగినా గుణం కనిపించలేదు. మొదట చేతికర్రలు, తరువాత చక్రాల కుర్చీ అవసరమైనవి. ఒకప్పుడు వెంట్రుకవాసి తేడాను గుర్తించిన వ్రేళ్ళు కలం పట్టడానికికూడ కష్టపడినవి. అయినా ఆయన వ్రాతపని మానలేదు. 1960లో తన ఆటను గురించిన గ్రంథం ప్రకటించాడు. యౌవనంలో రెండడుగుల దెబ్బ తప్పితే కర్ర విసరినవాడు, ఇరవైయేండ్లకు పైబడిన ఈ బాధను బహిరంగంగా ఒక ఫిర్యాదైనా చేయకుండా భరించాడు.

1958లో సెంట్ ఆండ్రూస్ పురప్రజలు ఆయనకు నగర పౌరసత్వమిచ్చి గౌరవించారు. అమెరికా దేశీయులలో అంతకు మునుపు, 1759లో, ఆ గౌరవం పొందినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. సభ ముగిసి ఆయన బయలుదేరుతుంటే, హాలులోని వారందరు తమ దేశపు పాత వీడ్కోలు పాట ఎత్తుకొన్నారు.

బాబీ జోన్సు 1971 డిసెంబరు 18వ తేదీన అట్లాంటాలో మరణించాడు. మరుసటి యేడు సెంట్ ఆండ్రూస్‌వారు తమ మైదానంలోని 10వ గుంటకు ఆయన పేరు పెట్టారు. యౌవనంలో ఆయన ఆట విడిచిన 11వ గుంటకు వెళ్ళవలసిన ప్రతి ఆటగాడూ, ముందుగా ఆయన పేరుగల ఈ గుంటను ముగించి ముందుకు నడవవలసి ఉన్నది.